ఆమ్లం, క్షారం కలిసే సమీకరణాన్ని తుల్యం చేయడం ఎలా? ముందు నీళ్ల లెక్క తేల్చండి

పదో తరగతి పిల్లలు, వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి చదివించే తల్లిదండ్రులు, ఇంటర్‌లో చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, తటస్థీకరణ సమీకరణంలో ఒక వైపు సరిచేస్తే ఇంకో వైపు చెడిపోతోంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?"

పరీక్షకు ముందు రోజు రాత్రి మా అక్క కూతురు కూడా ఫోన్ చేసి ఇదే అడిగింది. "మామయ్యా, ఈ కాల్షియం ఫాస్ఫేట్ లెక్క ఎంతకీ తెగట్లేదు" అంది. అరగంట నుంచి కొట్టేసి రాస్తోందట. కాల్షియం సరిపోతే ఫాస్ఫరస్ తప్పుతోంది, రెండూ కుదిరితే ఆక్సిజన్ లెక్క తేలట్లేదు. "ఆక్సిజన్‌ని కాసేపు వదిలెయ్యమ్మా. ఆమ్లంలో హెచ్‌లు ఎన్ని, క్షారంలో ఓహెచ్‌లు ఎన్ని, అవి చెప్పు" అన్నాను. ఫోన్ పెట్టేలోపే లెక్క అయిపోయింది. ఆ రాత్రి తనకు చెప్పిన పద్ధతే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

థియరీ ఇంతే: ఆమ్లం హెచ్ ఇస్తుంది, క్షారం ఓహెచ్ ఇస్తుంది. ఒక హెచ్, ఒక ఓహెచ్ జతకడితే ఒక నీటి అణువు. మిగిలిన రెండు ముక్కలు కలిస్తే లవణం. తటస్థీకరణ అంటే ఇదే. హెచ్‌లు, ఓహెచ్‌లు ఏవీ మిగలకుండా జతలు కుదిరితే సమీకరణం తుల్యమైనట్టే.

ఒక మాట. ఫార్ములాలను ఇక్కడ మనం నోటితో చదివే తీరులో రాస్తున్నాను. సోడియాన్ని ఎన్‌ఏ అని, కాల్షియాన్ని సీఏ అని. మీ నోట్‌బుక్‌లో, జవాబు పత్రంలో మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే రాయండి.

కావలసినవి

పెన్సిల్, రబ్బరు, రఫ్ కాగితం. పెన్నుతో మొదలుపెట్టకండి, కొట్టివేతల్లో అంకెలు కలిసిపోయి లేనిపోని తప్పులు వస్తాయి. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీయడం వచ్చి ఉండాలి. ఇవి కాక ఈ రెండు జాబితాలు నోటికి రావాలి.

ఆమ్లాలు, ఒక్కో అణువు ఇవ్వగల హెచ్‌లు:

- హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హెచ్‌సీఎల్: 1
- నైట్రిక్ ఆమ్లం, హెచ్‌ఎన్‌ఓ₃: 1
- ఎసిటిక్ ఆమ్లం, సీహెచ్₃సీఓఓహెచ్: 1 (నాలుగు కాదు, కారణం కింద ఉంది)
- సల్ఫ్యూరిక్ ఆమ్లం, హెచ్₂ఎస్‌ఓ₄: 2
- ఫాస్ఫారిక్ ఆమ్లం, హెచ్₃పీఓ₄: 3

క్షారాలు, ఒక్కోదానిలోని ఓహెచ్‌లు:

- సోడియం హైడ్రాక్సైడ్, ఎన్‌ఏఓహెచ్: 1
- పొటాషియం హైడ్రాక్సైడ్, కేఓహెచ్: 1
- కాల్షియం హైడ్రాక్సైడ్, సీఏ(ఓహెచ్)₂: 2
- మెగ్నీషియం హైడ్రాక్సైడ్, ఎంజీ(ఓహెచ్)₂: 2
- అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఏఎల్(ఓహెచ్)₃: 3

పదో తరగతిలో వచ్చే తటస్థీకరణ లెక్కల్లో చాలా భాగం ఈ పదింటితోనే తిరుగుతాయి.

చేసే పద్ధతి

మా అక్క కూతుర్ని ఏడిపించిన లెక్కనే తీసుకుందాం: ఫాస్ఫారిక్ ఆమ్లం, కాల్షియం హైడ్రాక్సైడ్.

1. ముందు పేర్లతో రాయండి.

ఫాస్ఫారిక్ ఆమ్లం + కాల్షియం హైడ్రాక్సైడ్ → కాల్షియం ఫాస్ఫేట్ + నీరు

లవణం పేరు తేల్చడం తేలిక: క్షారంలోని లోహం పేరు ముందు, ఆమ్లం నుంచి వచ్చిన ముక్క పేరు తరవాత. హైడ్రోక్లోరిక్ నుంచి క్లోరైడ్, నైట్రిక్ నుంచి నైట్రేట్, సల్ఫ్యూరిక్ నుంచి సల్ఫేట్, ఫాస్ఫారిక్ నుంచి ఫాస్ఫేట్, ఎసిటిక్ నుంచి ఎసిటేట్.

2. ప్రతి పదార్థానికీ సరైన ఫార్ములా రాయండి. ముందు అంకెలు ఇప్పుడే వద్దు.

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. లవణం ఫార్ములా సంయోజకతను (ఒక్కో ముక్కకు ఉండే కలిసే శక్తి అంకెను) బట్టి రావాలి. కాల్షియం సంయోజకత 2, ఫాస్ఫేట్‌ది 3. క్రిస్ క్రాస్ చేస్తే, అంటే ఒకదాని సంయోజకతను రెండోదాని కింద చిన్న అంకెగా రాస్తే, సీఏ₃(పీఓ₄)₂.

హెచ్₃పీఓ₄ + సీఏ(ఓహెచ్)₂ → సీఏ₃(పీఓ₄)₂ + హెచ్₂ఓ

సంయోజకతలు రెండూ సమానమైతే అంకెలు కొట్టేయాలి. కాల్షియం 2, సల్ఫేట్ 2 కాబట్టి అది సీఏఎస్‌ఓ₄ అవుతుంది. సీఏ₂(ఎస్‌ఓ₄)₂ అని వదిలేయకూడదు.

హెచ్చరిక: ఈ మెట్టు దాటాక ఫార్ములా లోపలి చిన్న అంకెల్ని ముట్టుకోకండి. ఇక మార్చేది ముందు రాసే పెద్ద అంకెలు, అంటే గుణకాలు మాత్రమే.

3. హెచ్‌లు, ఓహెచ్‌లు లెక్కపెట్టండి.

ఫాస్ఫారిక్ ఆమ్లంలో హెచ్‌లు 3. కాల్షియం హైడ్రాక్సైడ్‌లో ఓహెచ్‌లు 2. రెండు అంకెల్నీ పెన్సిల్‌తో వాటి నెత్తి మీద రాసుకోండి.

4. ఆ రెండింటి క.సా.గు. తీయండి.

3, 2 ల క.సా.గు. 6. అంటే ఆరు హెచ్‌లు, ఆరు ఓహెచ్‌లు కావాలి.

ఆమ్లం ముందు: 6 ÷ 3 = 2. క్షారం ముందు: 6 ÷ 2 = 3.

5. నీటి ముందు ఆ క.సా.గు. నే రాయండి.

ఆరు జతలు కుదిరాయి కాబట్టి 6 హెచ్₂ఓ. దీనికి వేరే లెక్క లేదు.

2 హెచ్₃పీఓ₄ + 3 సీఏ(ఓహెచ్)₂ → సీఏ₃(పీఓ₄)₂ + 6 హెచ్₂ఓ

6. లవణాన్ని చూసుకోండి.

ఎడమ వైపు మూడు కాల్షియంలు, రెండు ఫాస్ఫేట్‌లు ఉన్నాయి. లవణంలోనూ అంతే ఉన్నాయి. దాని ముందు అంకె అక్కర్లేదు.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. క్షారం ముందున్న 3 లవణంలో కాల్షియం కింద చిన్న అంకెగా కనిపిస్తోంది, ఆమ్లం ముందున్న 2 ఫాస్ఫేట్ బ్రాకెట్ కింద కనిపిస్తోంది. ఇది కాకతాళీయం కాదు. లోహ హైడ్రాక్సైడ్‌తో ఆమ్లం పూర్తిగా తటస్థీకరణ చెందితే, గుణకాలు కనిష్ఠంగా ఉన్నప్పుడు, ప్రతిసారీ ఇలాగే వస్తుంది. లవణం ముందు గుణకం ఎప్పుడూ 1 గానే ఉంటుంది. మీ సమీకరణంలో లవణం ముందు 2 పెట్టాల్సి వస్తోందంటే, లవణం ఫార్ములా అయినా తప్పు, క.సా.గు. అయినా తప్పు. వెనక్కి వెళ్లి చూసుకోండి.

మరో మూడు లెక్కలు

సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్: హెచ్‌లు 2, ఓహెచ్ 1. క.సా.గు. 2.

హెచ్₂ఎస్‌ఓ₄ + 2 ఎన్‌ఏఓహెచ్ → ఎన్‌ఏ₂ఎస్‌ఓ₄ + 2 హెచ్₂ఓ

సల్ఫ్యూరిక్ ఆమ్లం, అల్యూమినియం హైడ్రాక్సైడ్: హెచ్‌లు 2, ఓహెచ్‌లు 3. క.సా.గు. 6.

3 హెచ్₂ఎస్‌ఓ₄ + 2 ఏఎల్(ఓహెచ్)₃ → ఏఎల్₂(ఎస్‌ఓ₄)₃ + 6 హెచ్₂ఓ

సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాల్షియం హైడ్రాక్సైడ్: హెచ్‌లు 2, ఓహెచ్‌లు 2. క.సా.గు. 2 మాత్రమే, 4 కాదు.

హెచ్₂ఎస్‌ఓ₄ + సీఏ(ఓహెచ్)₂ → సీఏఎస్‌ఓ₄ + 2 హెచ్₂ఓ

ఈ మూడోది తేలికగా కనిపించి మార్కులు పోగొట్టే లెక్క. ఆమ్లం ఒకటి, క్షారం ఒకటి, లవణం ఒకటి అని చూసి నీరు కూడా ఒకటే అని వదిలేస్తారు. రెండు జతలు కుదిరాయి కాబట్టి నీళ్లు రెండు.

ఎక్కువగా జరిగే తప్పులు

*చిన్న అంకె మార్చేయడం.* అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. ఆక్సిజన్ ఒకటి తక్కువ పడిందని హెచ్₂ఓ ని హెచ్₂ఓ₂ చేస్తారు. అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. సోడియం రెండు కావాలని ఎన్‌ఏఓహెచ్ ని ఎన్‌ఏ₂ఓహెచ్ అని రాస్తారు. అలాంటి పదార్థమే లేదు. చిన్న అంకె ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, పెద్ద అంకె అది ఎంత ఉందో చెబుతుంది. మనకు మార్చే హక్కు ఉన్నది "ఎంత" అన్నదాని మీదే.

*బ్రాకెట్ మరిచిపోవడం.* సీఏ(ఓహెచ్)₂ అని రాయాల్సిన చోట సీఏఓహెచ్₂ అని రాస్తే, ఆ 2 హెచ్‌కి మాత్రమే చెందుతుంది. ఆక్సిజన్ ఒకటే అయిపోతుంది. అక్కడి నుంచి లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా కుదరదు. ఓహెచ్, ఎన్‌ఓ₃, ఎస్‌ఓ₄, పీఓ₄ లాంటి ముక్కలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే బ్రాకెట్ తప్పనిసరి. ఒకటే ఉంటే బ్రాకెట్ వద్దు: ఎన్‌ఏ(ఓహెచ్) అని ఎవరూ రాయరు.

*పెద్ద అంకెను మొదటి మూలకానికే గుణించడం.* 3 సీఏ(ఓహెచ్)₂ అంటే కాల్షియంలు 3, ఆక్సిజన్‌లు 6, హైడ్రోజన్‌లు 6. "కాల్షియంలు మూడు, ఓహెచ్‌లు రెండు" అని చదివే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ముందున్న అంకె ఫార్ములా మొత్తానికీ వర్తిస్తుంది.

*ఎసిటిక్ ఆమ్లంలో నాలుగు హెచ్‌లూ లెక్కపెట్టడం.* వెనిగర్‌లో ఉండే ఈ ఆమ్లం సీహెచ్₃సీఓఓహెచ్. మొత్తం హెచ్‌లు నాలుగున్నా, చివర ఆక్సిజన్‌ని పట్టుకుని ఉన్న ఒక్కటే విడివడుతుంది. కార్బన్‌కి అతుక్కున్న మూడూ అక్కడే ఉండిపోతాయి. అందుకే

సీహెచ్₃సీఓఓహెచ్ + ఎన్‌ఏఓహెచ్ → సీహెచ్₃సీఓఓఎన్‌ఏ + హెచ్₂ఓ

అన్నీ ఒక్కొక్కటే. చీమ కుట్టినప్పుడు మంట పుట్టించే ఫార్మిక్ ఆమ్లం హెచ్‌సీఓఓహెచ్ కూడా ఇంతే, రెండు హెచ్‌లున్నా ఇచ్చేది ఒకటే.

*కనిష్ఠ అంకెలకు తేకపోవడం.* 2, 4, 2, 4 అని వస్తే పరమాణువుల లెక్క కుదిరినా జవాబు పూర్తి కాలేదు. అన్నిటినీ 2 తో భాగించి 1, 2, 1, 2 చేయండి. ఇంకో మాట, 1 ని రాయనక్కర్లేదు.

ఓహెచ్ కనిపించకపోతే?

ఇది వేరే టెన్షన్. "సార్, ఇందులో ఓహెచ్ లేదు కదా, ఏం లెక్కపెట్టాలి?" అని అడుగుతారు. మూడు రకాలు వస్తాయి.

లోహ ఆక్సైడ్ వస్తే ఆక్సిజన్‌లు లెక్కపెట్టండి. ఒక్కో ఆక్సిజన్‌కి రెండు హెచ్‌లు కావాలి. తాంబూలం గుర్తు తెచ్చుకోండి, రెండు ఆకులకు ఒక వక్క. వక్కలు ఎన్ని ఉంటే ఆకులు దానికి రెట్టింపు. ఫెర్రిక్ ఆక్సైడ్, ఎఫ్‌ఈ₂ఓ₃ లో ఆక్సిజన్‌లు 3. హెచ్‌లు 6 కావాలి, నీళ్లు 3 వస్తాయి.

ఎఫ్‌ఈ₂ఓ₃ + 6 హెచ్‌సీఎల్ → 2 ఎఫ్‌ఈసీఎల్₃ + 3 హెచ్₂ఓ

లవణం ముందు 2 వచ్చిందేమిటని మీరు అడగాలి, అడగడం మంచిది. పైన చెప్పిన గుర్తు హైడ్రాక్సైడ్‌లకే. ఈ ఆక్సైడ్‌లో ఒక్క ఫార్ములాలోనే రెండు ఇనుము పరమాణువులున్నాయి కాబట్టి ఇక్కడ అది వర్తించదు.

కార్బొనేట్ వస్తే నీటితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా రాయాలి. దాన్ని మరిచిపోతే కార్బన్ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఒక కార్బొనేట్‌కి రెండు హెచ్‌లు, ఒక బైకార్బొనేట్‌కి ఒక హెచ్.

సీఏసీఓ₃ + 2 హెచ్‌సీఎల్ → సీఏసీఎల్₂ + హెచ్₂ఓ + సీఓ₂

అమ్మోనియా వస్తే నీటిని వెతక్కండి. ఎన్‌హెచ్₃ నేరుగా హెచ్ ని తీసుకుంటుంది.

ఎన్‌హెచ్₃ + హెచ్‌సీఎల్ → ఎన్‌హెచ్₄సీఎల్

ఇంకో సందర్భం ఉంది. ప్రశ్నలోనే లవణం ఎన్‌ఏహెచ్‌ఎస్‌ఓ₄ అని ఇస్తే, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్క హెచ్ మాత్రమే వదిలింది, రెండోది లవణంలోనే ఉంది. అప్పుడు ఆమ్లం హెచ్‌ని 1 గా లెక్కపెట్టండి. హెచ్₂ఎస్‌ఓ₄ + ఎన్‌ఏఓహెచ్ → ఎన్‌ఏహెచ్‌ఎస్‌ఓ₄ + హెచ్₂ఓ. అందుకే ప్రశ్నలో లవణం ఇచ్చారేమో ముందు చూసుకోమంటాను.

ఈ పద్ధతి కుదరకపోతే

బడిలో నేర్పే వరుస కూడా పనికొస్తుంది: ముందు లోహం, తరవాత ఎస్‌ఓ₄, పీఓ₄ లాంటి ముక్కలు, తరవాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్. సల్ఫేట్ రెండు వైపులా చెదరకుండా ఉంటే దాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టండి, సల్ఫర్ వేరు, ఆక్సిజన్ వేరు అని విడదీయకండి. ఆక్సిజన్‌తో మాత్రం ఎప్పుడూ మొదలుపెట్టొద్దు. అది ఆమ్లంలో, క్షారంలో, లవణంలో, నీటిలో, నాలుగు చోట్లా ఉండొచ్చు.

జవాబు సరైనదో కాదో చూసుకోవడం

మొదటిది పరమాణువుల పట్టిక. ఫాస్ఫేట్ లెక్కకే వేద్దాం.

- కాల్షియం: ఎడమ 3, కుడి 3
- ఫాస్ఫరస్: ఎడమ 2, కుడి 2
- హైడ్రోజన్: ఎడమ 6 + 6 = 12, కుడి 12
- ఆక్సిజన్: ఎడమ 8 + 6 = 14, కుడి 8 + 6 = 14

మనం ఆక్సిజన్‌ని ఎక్కడా పట్టించుకోలేదు. అయినా కుదిరింది. చివర్లో ఆక్సిజన్ దానంతటది కుదిరిందంటే పని సరిగ్గా జరిగిందనడానికి మంచి గుర్తు.

రెండోది ద్రవ్యరాశి. దీనికి కొంచెం టైమ్ పడుతుంది కానీ ఇంట్లో సాధన చేసేటప్పుడు తప్పక చేయండి. హెచ్ 1, ఓ 16, ఎన్‌ఏ 23, పీ 31, ఎస్ 32, సీఏ 40 అనుకుంటే, సల్ఫ్యూరిక్ ఆమ్లం 98, సోడియం హైడ్రాక్సైడ్ రెండు కలిపి 80. మొత్తం 178. కుడి వైపు సోడియం సల్ఫేట్ 142, నీళ్లు రెండు కలిపి 36. మొత్తం 178. ఫాస్ఫేట్ లెక్కలో ఎడమ 196 + 222, కుడి 310 + 108, రెండూ 418. ద్రవ్యనిత్యత్వ నియమం అని పాఠంలో చదివింది ఇదే.

మూడోది ల్యాబ్‌లో కనిపిస్తుంది. 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు శంఖాకార కుప్పెలో తీసుకుని, ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు మారే సూచిక) చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వదిలితే, లేత గులాబీ రంగు నిలిచేది 20 మిల్లీలీటర్ల దగ్గర. పదికి ఇరవై. సమీకరణంలో మీరు రాసిన ఆ 2 బ్యూరెట్ మీద కనిపిస్తుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆ 2 మరిచిపోయి లెక్కవేస్తే ఆమ్లం గాఢత 0.1 బదులు 0.2 అని వస్తుంది. ప్రయోగం చక్కగా చేసి కూడా జవాబు పోగొట్టుకోవడం ఎంత బాధో చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఈ ప్రయోగం (టైట్రేషన్) మొదలుపెట్టే ముందే తుల్య సమీకరణం రికార్డులో రాసుకోండి.

జాగ్రత్త: ఈ లెక్కలు చూసి బాత్రూం యాసిడ్‌తో ఇంట్లో ప్రయోగాలు చేయకండి. తటస్థీకరణలో వేడి పుడుతుంది, గాఢ ఆమ్లం చిమ్మి కళ్లల్లో పడుతుంది. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వస్తుంది. ల్యాబ్‌లో కూడా ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు.

మీరు చేయండి

జవాబులు కాగితంతో మూసి పెట్టుకుని, ఒక్కోదానికీ హెచ్‌లు, ఓహెచ్‌లు, క.సా.గు. రాసుకుంటూ చేయండి.

క) పొటాషియం హైడ్రాక్సైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం
చ) మెగ్నీషియం హైడ్రాక్సైడ్, నైట్రిక్ ఆమ్లం
ట) అల్యూమినియం హైడ్రాక్సైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం (కడుపులో మంటకు వాడే యాంటాసిడ్‌లలో చాలావాటి పని ఇదే)
త) కాల్షియం హైడ్రాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం
ప) ఫెర్రిక్ హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం

జవాబులు:

క) 3 కేఓహెచ్ + హెచ్₃పీఓ₄ → కే₃పీఓ₄ + 3 హెచ్₂ఓ
చ) ఎంజీ(ఓహెచ్)₂ + 2 హెచ్‌ఎన్‌ఓ₃ → ఎంజీ(ఎన్‌ఓ₃)₂ + 2 హెచ్₂ఓ
ట) ఏఎల్(ఓహెచ్)₃ + 3 హెచ్‌సీఎల్ → ఏఎల్‌సీఎల్₃ + 3 హెచ్₂ఓ
త) సీఏ(ఓహెచ్)₂ + 2 సీహెచ్₃సీఓఓహెచ్ → (సీహెచ్₃సీఓఓ)₂సీఏ + 2 హెచ్₂ఓ
ప) 2 ఎఫ్‌ఈ(ఓహెచ్)₃ + 3 హెచ్₂ఎస్‌ఓ₄ → ఎఫ్‌ఈ₂(ఎస్‌ఓ₄)₃ + 6 హెచ్₂ఓ

"త" తప్పితే ఎసిటిక్ ఆమ్లంలో హెచ్‌లు ఎన్ని లెక్కపెట్టారో చూడండి. "ప" తప్పితే ఎక్కువసార్లు కారణం క.సా.గు. కాదు, లవణం ఫార్ములా. రెండో మెట్టు దగ్గరికి వెళ్లి ఇనుము సంయోజకత 3 గా తీసుకున్నారో లేదో చూసి మళ్లీ చేయండి.